ముప్పావలా వడ్డీ

టర్కీ అధ్యక్షుడు ఎర్డోగాన్ గారికి అర్థశాస్త్రంలో నోబెల్ ఇంకా ఎందుకివ్వలేదో స్వీడన్ వాళ్లే చెప్పాలి. ధరలు మండితే వడ్డీ పెంచాలని ప్రపంచమంతా ఒకే పాఠం వల్లె వేస్తుంటే, వడ్డీ పెంచడం వల్లే ధరలు పెరుగుతాయని కనిపెట్టిన మొనగాడాయన. వడ్డీ సకల పాపాలకూ తల్లీ తండ్రీ అని 2018లోనే సెలవిచ్చారు. కనిపెట్టి ఊరుకోలేదు, ఎనిమిదిన్నర కోట్ల జనం మీద ప్రయోగించి చూశారు. ఇంత ధైర్యం ఏ ప్రొఫెసరుకుంది?

ఫలితాలు చూద్దాం. 2022 నవంబరులో టర్కీ కేంద్ర బ్యాంకు (మన రిజర్వ్ బ్యాంకు లాంటిది) వడ్డీ 9 శాతం. అదే నెల ధరల పెరుగుదల, సర్కారువారి లెక్కలోనే, 84 శాతం. శాతాలంటే మనకు తలకెక్కవు గానీ నూటికెంత అంటే చటుక్కున ఎక్కుతుంది. ఏడాది లెక్కను పన్నెండుతో భాగిస్తే వడ్డీ నెలకి నూటికి ముప్పావలా, ధరలు నూటికి ఏడు రూపాయలు. ప్రోనోటు మీద అప్పులిచ్చే ఏ పెద్దావిడకైనా ఈ లెక్క చెప్పండి. "ముప్పావలాకి ఇచ్చే ఆ మహానుభావుడెవడో అడ్రసు చెప్పు నాయనా, తెచ్చి స్థలం మీద పెడతా" అంటుంది. అప్పు పుట్టిన టర్కీవాళ్లు చేసిందీ అదే. ఇళ్లు, కార్లు, బంగారం, డాలర్లు కొన్నారు. పుట్టనివాళ్లు ఇస్తాంబుల్ నగరపాలిక నడిపే చౌక రొట్టె బంకుల ముందు క్యూ కట్టారు.

ఉమ్మడి రాష్ట్రంలో డ్వాక్రా మహిళలకు పావలా వడ్డీ ఇచ్చినప్పుడు మిగతా వడ్డీ ఖజానా కట్టింది. బడ్జెట్ కాగితాల్లో పద్దు ఉంది, తిట్టదలుచుకున్నవాళ్లు తిట్టారు. టర్కీ ముప్పావలా పథకానికి ఆ పద్దు కూడా అక్కర్లేదు. తేడా కట్టింది బ్యాంకులో లీరాలు, అంటే టర్కీ రూపాయలు, దాచుకున్న పింఛనుదారు. కట్టినట్టు ఆయనకి రొట్టెల కొట్లో తెలిసింది.

ఇంత పెద్ద ప్రయోగానికి చెప్పిన మాట వినే సిబ్బంది కావాలి కదా. 2019 జులైలో కేంద్ర బ్యాంకు గవర్నరు ఒకరిని పంపేశారు. 2020 నవంబరులో ఇంకొకరిని. ఆ మర్నాడే ఆర్థిక మంత్రి ఇన్‌స్టాగ్రామ్‌లో రాజీనామా పెట్టారు. ఆయన ఎవరో కాదు, అధ్యక్షుడి సొంత అల్లుడే. జామాతా దశమగ్రహం అన్నది మన గ్రహాలకే పరిమితం కాదన్నమాట. మూడో గవర్నరు నాజీ అగ్బాల్ 2021 మార్చిలో ఓ గురువారం నాడు వడ్డీని 17 నుంచి 19కి పెంచారు. శనివారం తెల్లారేసరికి గెజిట్ వచ్చింది, ఆయన మాజీ అయ్యారు. 2022 జనవరిలో ద్రవ్యోల్బణం 36 శాతమని ప్రకటించిన గణాంక సంస్థ అధిపతి ఆ నెల దాటలేదు. కారణం చెప్పలేదు. చెప్పాలా?

ఈ విషయంలో మనం ఎంత వెనకబడి ఉన్నామో తలుచుకుంటే సిగ్గేస్తుంది. 2012లో రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా ఉన్న మన తెలుగాయన దువ్వూరి సుబ్బారావు గారు వడ్డీ తగ్గించనంటే, నాటి ఆర్థిక మంత్రి చిదంబరం గారు ఏం చేశారు? అభివృద్ధి కోసం ఒంటరిగా నడవాల్సివస్తే ఒంటరిగానే నడుస్తామని నిట్టూర్చారు. అంతే! గవర్నరు పదవిలోనే ఉన్నారు. పైగా 2013లో వెళుతూ వెళుతూ చురక కూడా అంటించారు: రిజర్వ్ బ్యాంకుతో విసిగిపోయి ఒంటరిగానైనా వాకింగుకి పోవాలనిపిస్తుంది, అయినా దేవుడి దయవల్ల రిజర్వ్ బ్యాంకు ఉంది అని మంత్రిగారు ఏదో ఒకనాడు అంటారని ఆశిస్తున్నానన్నారు. టర్కీలో వీడ్కోలు ప్రసంగానికి టైమే ఉండదు. 2022లో అమెరికా వడ్డీ సున్నా దగ్గర నుంచి ఎక్కడం మొదలుపెట్టి మరుసటి ఏడాదికి 5 దాటింది, మన రెపో రేటు (బ్యాంకులకి రిజర్వ్ బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ) 4 నుంచి 6.5కి చేరింది. చాలా దేశాలది గొర్రెదాటే. టర్కీ మాత్రం ఎదురు నడిచింది.

అయితే నాకు అన్నిటికన్నా నచ్చింది 2021 డిసెంబరు 20 నాటి పథకం. డాలరుకి 18 లీరాల దాకా పడిపోయిన రోజది. డాలర్లు కొనకుండా లీరాల్లోనే డిపాజిట్ చేయండి, వడ్డీ కన్నా లీరా ఎక్కువ పడిపోతే ఆ తేడా మేమిస్తాం అన్నారు. వడ్డీ పాపం కదా, అందుకని దీన్ని వడ్డీ అనరు. డిపాజిట్ చేసేంత డబ్బున్నవాళ్లు నిశ్చింతగా నిద్రపోయారు. 2023లో కేంద్ర బ్యాంకుకి 81 వేల కోట్ల లీరాలకు పైగా నష్టం వచ్చింది, అందులో ఈ పుణ్యకార్యం వాటా పెద్దది. నోట్లు అచ్చువేసుకునే సంస్థకి నష్టం రావడం అందరి వల్లా అయ్యే పనేనా?

2023 మే ఎన్నికల్లో ఎర్డోగాన్ గెలిచారు. ఓడితే సిద్ధాంతం తప్పని తేలేది, గెలిచారు కాబట్టి మార్చేశారు. వడ్డీ 8.5 నుంచి తొమ్మిది నెలల్లో 50కి ఎక్కింది. నూటికి నాలుగు రూపాయల పైమాట. విజయవాడ కాల్‌మనీ వాళ్లు గుర్తుకొచ్చే వడ్డీ.

ఈ మలుపు తిప్పడానికి తెచ్చిన కొత్త గవర్నరు హఫీజే గయే ఎర్కాన్. అమెరికాలో పెద్ద బ్యాంకుల్లో పనిచేసి వచ్చారు. ఇస్తాంబుల్ అద్దెలు భరించలేక అమ్మానాన్నల ఇంట్లో ఉంటున్నానని ఆ డిసెంబరులో ఓ పత్రికకు చెప్పారు. దేశం నోట్ల మీద సంతకం పెట్టే మనిషి! పోనీలెండి, ఎనిమిది నెలలు నిండకుండానే రాజీనామా చేశారు. ఇల్లు దొరికి పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుని ఉంటే అడ్వాన్సు గోవిందా.