పచ్చ లైటు వెలిగింది, అయితే?

ఈ వారంలో ఆ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. పైన "రీచార్జబుల్ బ్యాటరీలు వాడేవారు తప్పక తెలుసుకోవాల్సిన 8 రహస్యాలు", పక్కన మూడు మంటల బొమ్మలు, కింద "ఒక సీనియర్ ఇంజనీర్ సలహా". పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. ఒకరైతే "నీకు ఇలాంటివి ఇష్టం కదా" అని విడిగా పంపారు. ఆ ఇంజనీరు దేనిలో సీనియరో తెలియదు గానీ, సెల్లుల విషయంలో మాత్రం కాదు.

ఆ ఎనిమిదీ ఇవి. కొత్త సెల్లుని ముందు 24 గంటలు చార్జ్ చేయాలి. పూర్తిగా ఖాళీ అయ్యాకే మళ్లీ చార్జ్ చేయాలి. వాడని సెల్లు ఫ్రిజ్‌లో దాచాలి. ఎంఏహెచ్ (సెల్లులో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే అంకె) ఎంత ఎక్కువుంటే అంత మంచిది. చార్జర్ మీద పచ్చ లైటు వెలిగితే నిండినట్టే. సైజు సరిపోతే ఏ సెల్లైనా ఏ చార్జర్‌లోనైనా పెట్టొచ్చు, ఒకసారి వాడి పారేసే మామూలు సెల్లు కూడా 10 నిమిషాలు పెడితే ప్రాణం లేచి వస్తుంది. చార్జర్ ఎంత నెమ్మదైతే సెల్లుకి అంత ఆయుష్షు. సెల్లు మీద కొన్న తేదీ రాసుకోవాలి.

చిన్నవి ముందు తేల్చేద్దాం.

24 గంటలు: అక్కర్లేదు. 2005లో సాన్యో కంపెనీ ఎనెలూప్ అనే సెల్లు తెచ్చిన దగ్గర్నుంచి, చార్జ్ త్వరగా కారిపోని రకం నికెల్ సెల్లు (మనం ఇళ్లలో వాడే రీచార్జబుల్ సెల్లు ఎక్కువగా ఇవే) ఫ్యాక్టరీలోనే చార్జ్ అయి వస్తున్నాయి. ప్యాకెట్ చించి వాడుకోవడమే.

ఫ్రిజ్: చల్లదనంలో చార్జ్ కాస్త నెమ్మదిగా పోతుంది, నిజమే. కానీ ఈ కొత్త రకం సెల్లు ఏడాది బీరువాలో పడున్నా సగానికి పైగా చార్జ్ ఉంచుకుంటాయి. బయటికి తీయగానే వాటికి చెమ్మ పట్టించడం ఎందుకు? ఫ్రిజ్‌లో వేరేవి పెట్టుకోండి.

ఎంఏహెచ్: పెన్సిల్ సెల్లు (ఏఏ) సైజులో నికెల్ రకానికి 2000 దగ్గర ఉంటే చక్కటి సెల్లు. 2500 పైన ఉన్నవీ ఉంటాయి, కానీ సాధారణంగా అవి చార్జ్‌ని తొందరగా వదిలేస్తాయి, తక్కువసార్లు చార్జ్ అయి ముసలివైపోతాయి. 4000 అని రాసుంటే అందులో ఎక్కువున్నది సిరా.

"పూర్తిగా ఖాళీ అయ్యాకే" అన్నది పాత నికెల్ కాడ్మియం సెల్లుల నాటి మాట. ప్రతిసారీ ఒకే మేరకు ఖర్చు చేసి, ఒకే మేరకు నింపుతూ పోతే ఆ సెల్లు అక్కడిదాకానే 'గుర్తుపెట్టుకుంటుంది' అనేవారు. ఇప్పుడు మన చేతిలో ఉన్న నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లుకి ఆ జబ్బు లేదనే చెప్పాలి. సగం ఉండగా చార్జ్ పెట్టినా ఏమీ కాదు. ఖాళీ చేయాలని టార్చ్ వేసి వదిలేస్తేనే ప్రమాదం. టార్చ్‌లో మూడు సెల్లు వరసగా ఉంటే బలహీనమైనది ముందు అయిపోతుంది. మిగతా రెండూ దానిలోంచే కరెంటు తోసి, ప్లస్సూ మైనస్సూ తారుమారయ్యేదాకా పిండేస్తాయి. వెలుగు తగ్గగానే తీసేస్తే ఈ గొడవే లేదు.

ఇక పచ్చ లైటు. నా మొదటి చార్జర్‌కి కూడా ఉండేది. నాలుగు గాడులు, రెండే లైట్లు. ఒకసారి రిమోట్‌లోంచి తీసిన సెల్లునీ, కెమెరా ఫ్లాష్‌లో పూర్తిగా అలిసిపోయిన సెల్లునీ పక్కపక్కన పెట్టాను. మూడు గంటల తర్వాత ముట్టుకుంటే ఒకటి గోరువెచ్చగా కూడా లేదు. రెండోది వేళ్ల మధ్య పట్టుకోలేనంత వేడి, పైనున్న ప్లాస్టిక్ తొడుగు అంచు దగ్గర ముడుచుకుపోయింది. ఎర్ర లైటు మాత్రం ప్రశాంతంగా వెలుగుతూనే ఉంది. కాసేపటికి దాని టైము అయిపోయింది, పచ్చగా మారింది. అంతే, ఆ పచ్చదనానికి సెల్లుతో సంబంధం లేదు, గడియారంతోనే సంబంధం. వేడెక్కినది రిమోట్‌లోంచి తీసినది. అది ముందే ముప్పాతిక నిండి ఉంది. రెండు గాడులకీ ఒకే తీగ కాబట్టి, పక్కవాడి ఆకలి తీరేదాకా దీని నోట్లో కూడా కుక్కారు.

చార్జర్ కొనేటప్పుడు అసలు చూడాల్సింది ఇదే: ఎప్పుడు ఆపాలో దానికి తెలుసా, ఒక్కో సెల్లుకీ విడిగా తెలుసా? నికెల్ సెల్లు నిండేకొద్దీ వోల్టేజ్ పెరుగుతుంది. నిండగానే, లోపల వేడి పుట్టడంతో, కొద్ది మిల్లీవోల్టులు కిందికి జారుతుంది. మంచి చార్జర్ ఆ జారుడు కోసం కాపు కాస్తుంది. అది తప్పిపోతే ఆదుకోవడానికి వేడిని కొలిచే ఏర్పాటు, చివరి దిక్కుగా టైమర్ ఉంటాయి. డబ్బా మీద రాసినవన్నీ చదవక్కర్లేదు. ఒక్క సెల్లు మాత్రమే పెట్టి చూడండి. చార్జ్ మొదలుపెట్టకుండా "జత పెట్టు" అని మొరాయిస్తే అది జతల చార్జర్. వదిలేయండి.

ఇప్పుడు ఆరోది. దీన్ని చదివాక టీ చల్లారిపోయింది.

"సైజు సరిపోతే ఏ సెల్లైనా ఏ చార్జర్‌లోనైనా." ఈ లెక్కన తాళంచెవి దూరితే ప్రతి ఇల్లూ మనదే. పెన్సిల్ సెల్లు ఆకారంలో కనీసం మూడు వేర్వేరు ప్రాణులున్నాయి. మామూలు ఆల్కలైన్, 1.5 వోల్టులు. నికెల్, 1.2 వోల్టులు. 14500 అని రాసి ఉండే లిథియం అయాన్, 3.7 వోల్టులు, నిండితే 4.2. ఆ అంకె అర్థం 14 మిల్లీమీటర్ల లావు, 50 మిల్లీమీటర్ల పొడవు. అంటే గాడిలో చక్కగా కూర్చుంటుంది. అసలు సమస్య అదే.

లిథియం చార్జర్‌కి తెలిసింది ఒక్కటే: 4.2 వోల్టుల దాకా తీసుకెళ్లి, అక్కడ నిలబెట్టి, కరెంటు తగ్గిస్తూ రావడం. అందులో నికెల్ సెల్లు పెట్టారనుకోండి. అది 1.5 చుట్టుపక్కలే ఆగిపోతుంది, 4.2కి జన్మలో చేరదు. చార్జర్ మాత్రం రద్దయిన బస్సు కోసం స్టాపులో నిలబడ్డట్టు ఎదురుచూస్తూ కరెంటు పోస్తూనే ఉంటుంది. సెల్లు కాగి, లోపల వాయువు పెరిగి, మూత దగ్గర బుస్సుమంటుంది. దీనికి ఉల్టాగా, నికెల్ చార్జర్‌లో లిథియం సెల్లు పెడితే ఇంకా ఘోరం. నికెల్ చార్జర్ ఆ మిల్లీవోల్టుల జారుడు కోసం చూస్తుంది. లిథియం సెల్లు జారదు. 4.2 దాటించగల చార్జర్ అయితే దాటించేస్తుంది, ఆ తర్వాత బుస్సుమనడం కాదు, మంటే. రెండు రకాలనీ గుర్తుపట్టి, తేడా ఉంటే మొరాయించే చార్జర్లు ఉన్నాయి, మంచివే. కానీ మన సీనియర్ గారు అన్నది "ఏ చార్జర్‌లోనైనా" అని. మెసేజ్ పైన ఆ మంటల బొమ్మలు ఎందుకున్నాయో ఇక్కడికి వచ్చాకే అర్థమైంది.

ఇక "మామూలు సెల్లు 10 నిమిషాలు". దీన్ని సమర్థిస్తూ ఒక మిత్రుడు "నేను చేసి చూశాను, పనిచేసింది" అన్నాడు. చేసే ఉంటాడు. కాసేపు కరెంటు పోస్తే వోల్టేజ్ కొంచెం లేస్తుంది, గడియారం ముల్లు మళ్లీ కదులుతుంది. తర్వాత సంగతి చూద్దాం అని అతని గోడ గడియారం దింపించాను. వెనక మూత తీస్తే స్ప్రింగు చుట్టూ తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది. గోటితో తాకితే స్ప్రింగే ఊడి వచ్చింది. మామూలు సెల్లులో ఉండేది పొటాషియం హైడ్రాక్సైడ్, గాఢమైన క్షారం. చార్జ్ చేస్తే లోపల వాయువు పుట్టి, సీలు తెరుచుకుని అది బయటికి కారుతుంది. చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చెప్పక్కర్లేదు. వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిచాం, చేతులకు తొడుగులు వేసుకుని. గడియారం బాగుపడలేదు. చార్జ్ చేయకపోయినా పాత ఆల్కలైన్ సెల్లు కారుతుంటాయి కదా అని అతను వాదించాడు. కారుతాయి, నిజమే. దానికి మనం సాయం పట్టడం ఎందుకన్నదే నా ప్రశ్న.

ఇక ఏడోది, నెమ్మది చార్జర్. దీన్ని ఉతికి ఆరేద్దామనే కూర్చున్నాను. ఎందుకంటే ఆపడం తెలిసిన చార్జర్‌కి మరీ నెమ్మది మంచిది కాదు. 2000 ఎంఏహెచ్ సెల్లుకి 200 మిల్లీయాంపియర్లు పోస్తే, నిండినప్పుడు వచ్చే ఆ జారుడు కనిపించనంత సన్నగా ఉంటుంది, చార్జర్ దాన్ని దాటేసి పోస్తూనే ఉంటుంది. అదే 1000 పోస్తే స్పష్టంగా పట్టుకుంటుంది, రెండు గంటల పైచిలుకులో పని అయిపోతుంది. చివర్లో కాస్త వెచ్చబడితే టెన్షన్ అక్కర్లేదు. పావుగంటలో నింపేస్తామనే చార్జర్లు మాత్రం సెల్లుని ఉడికిస్తాయి, అక్కడ మెసేజ్‌తో నాకు పేచీ లేదు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. సెల్లు సామర్థ్యాన్ని కొలిచే అంతర్జాతీయ ప్రమాణంలో చార్జ్ చేసే పద్ధతి ఏమిటో తెలుసా? సామర్థ్యంలో పదో వంతు కరెంటు, 16 గంటలు. అంటే 2000 సెల్లుకి 200. నేను ఇంతసేపూ వెక్కిరించిన పాత, తెలివిలేని, జతల చార్జర్లలో నెమ్మది రకం దాదాపు అదే చేస్తుంది. ఏళ్ల తరబడి డ్రాయర్‌లో పడున్న సెల్లుని నా కొత్త చార్జర్ "చెడిపోయింది" అని ముఖం మీదే తిప్పికొడుతుంది. అలాంటివాటికి ఈ నెమ్మది చార్జ్ ఒకటి రెండుసార్లు ఇస్తే కొన్ని తేరుకుంటాయి. అందుకే నా దగ్గరున్న అలాంటిదాన్ని పారేయలేదు. టైము నేనే చూసుకుంటాను, రెండు గాడుల్లోనూ ఒకే రోజు కొన్న, ఒకేలా వాడిన సెల్లులే పెడతాను. ఏవి ఏ రోజువో ఎలా తెలుస్తుందంటారా? మార్కర్‌తో తేదీ రాసుకుంటాను. ఎనిమిదోది కరెక్టే.

నిన్న సాయంత్రం 6 గంటలకి అలా ఒక జత పెట్టాను, ఈ రోజు పొద్దున 10కి తీశాను. ఒకటి బతికింది.