ఫోటాన్ తగిలి ఎలక్ట్రాన్ కదిలిందని ఇంకెన్నాళ్లు చెబుతారు?

ఏ వీడియో చూసినా, ఏ గైడు తిరగేసినా అదే కథ. ఎలక్ట్రాన్ ఎక్కడుందో చూడాలంటే వెలుతురు వేయాలి, వేస్తే ఫోటాన్ తగిలి అది పక్కకి తుళ్లుతుంది, అందుకే దాని ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) మనకి తెలియదు. ఇదే అనిశ్చితత్వ నియమం అని చెప్పేసి తర్వాతి పాఠానికి వెళ్లిపోతారు.

నేనూ కొన్నేళ్లు ఇదే నమ్మాను. పరీక్షలో ఇదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. అందుకే ఇప్పుడు ఇది విన్నప్పుడల్లా కోపం వస్తుంది. ఎలక్ట్రాన్‌కి కచ్చితమైన స్థానం, కచ్చితమైన ద్రవ్యవేగం రెండూ ఉన్నాయని, మన పరికరమే మోటుదని, రేపు మంచి పరికరం వస్తే రెండూ దొరికిపోతాయని పిల్లల బుర్రలో ముద్ర పడిపోతుంది. తర్వాత దాన్ని చెరపడం ఎంత కష్టమో నాకు తెలుసు.

సరే, ఆ కథే నిజమనుకుందాం. ఒకేలా తయారుచేసిన ఎలక్ట్రాన్లు రెండు లక్షలు తీసుకోండి. లక్షింటికి స్థానం మాత్రమే కొలవండి. మిగతా లక్షకి అదే దిశలో ద్రవ్యవేగం మాత్రమే కొలవండి. ఏ ఎలక్ట్రాన్‌నీ రెండుసార్లు ముట్టుకోలేదు, కాబట్టి ఒక కొలత ఇంకో కొలతని చెడగొట్టే ప్రసక్తే లేదు. ఇప్పుడు రెండు పట్టికల్లోనూ ప్రామాణిక విచలనం, అంటే విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో, లెక్కగట్టి గుణించండి. ఎంత గొప్ప పరికరం వాడినా ఆ లబ్ధం 5.27×10⁻³⁵ జౌల్-సెకన్లకి తగ్గదు. మరి ఇక్కడ ఎవరు ఎవరిని తన్నారు?

ఆ ఫోటాన్ కథ ఊరికే పుట్టలేదు. 1927లో ఈ నియమాన్ని ప్రతిపాదించిన హైజెన్‌బర్గ్ తన పేపర్లో గామా కిరణాల మైక్రోస్కోప్ ఒకటి ఊహించి ఇలాగే వివరించాడు. అందులో లోపం ఉందని నీల్స్ బోర్ పట్టుకుంటే, పేపర్ చివర్లో ఆ మాట జోడించాడు కూడా. అదే ఏడాది కెన్నార్డ్ అనే భౌతికశాస్త్రవేత్త, పైన చెప్పిన లబ్ధం ఒక హద్దుకి తగ్గదనే అసలు అసమీకరణాన్ని నిరూపించాడు. ఆ నిరూపణలో ఢీకొట్టడాలు లేవు, మైక్రోస్కోపూ లేదు. ఉన్నదల్లా తరంగమే.

తరంగం అనగానే భయపడక్కర్లేదు. ఒకసారి చప్పట్లు కొట్టండి. ఠప్పుమని ఒకే ఒక్క శబ్దం. అది ఏ క్షణంలో వచ్చిందో చక్కగా చెప్పగలం. దాని శ్రుతి ఎంత? చెప్పలేం. ఎన్నో పౌనఃపున్యాలు కలిసిపోయిన ముద్ద అది. ఇప్పుడు వేణువు మీద ఒక స్వరాన్ని పట్టి నిలపండి. శ్రుతి స్పష్టంగా ఉంది, కానీ ఆ శబ్దం ఏ క్షణంలో ఉంది? ఊదినంతసేపూ ఉంది. సెకనులో వందోవంతు మాత్రమే మోగిన శబ్దానికి పౌనఃపున్యం సుమారు వంద హెర్ట్జ్ మేర చెదిరే ఉంటుంది. ఇందులో మైకు తప్పు లేదు, చెవి తప్పూ లేదు. కచ్చితమైన క్షణం, కచ్చితమైన శ్రుతి రెండూ ఉన్న శబ్దమే ఉండదు.

ఎలక్ట్రాన్ తరంగానికీ ఇంతే. డిబ్రోలీ చెప్పినట్టు ద్రవ్యవేగం తరంగదైర్ఘ్యంతో ముడిపడి ఉంది. ఒకేచోట ముద్దగా ఉన్న తరంగానికి ఒకే తరంగదైర్ఘ్యం ఉండదు. అంటే ప్రామాణిక సిద్ధాంతం ప్రకారం ఆ రెండో విలువ ఎక్కడో దాక్కుని లేదు, అసలు లేనే లేదు.

స్పిన్ దగ్గర, అంటే కణాలని బుల్లి అయస్కాంతాల్లా ప్రవర్తింపజేసే గుణం దగ్గర, ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. 1922లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్టెర్న్, గెర్లాక్ వెండి పరమాణువుల ధారని అయస్కాంతం గుండా పంపితే అది రెండుగా చీలింది. దాన్నే కొనసాగించి ఆలోచించండి. 'పైకి' వెళ్లినవాటినే ఏరి, అడ్డంగా పెట్టిన అయస్కాంతం గుండా పంపితే సగం కుడికి, సగం ఎడమకి పోతాయి. కుడివాటిని మళ్లీ నిలువు అయస్కాంతం గుండా పంపితే సగం పైకి, సగం కిందకి! అడ్డ అయస్కాంతమే పాడుచేసిందని అంటారేమో. కానీ కుడి, ఎడమ ధారల్ని, ఏది ఎటు పోయిందో ఎక్కడా జాడ మిగలకుండా జాగ్రత్తగా కలిపేస్తే అన్నీ 'పైకి'వే తిరిగొస్తాయి. న్యూట్రాన్లతో ఇలాంటివి నిజంగానే చేసి చూశారు. అయస్కాంతం పాడుచేసి ఉంటే అవి తిరిగెలా వస్తాయి?

ఇంకోటి, ఎవరూ గట్టిగా చెప్పనిది. ఎక్స్ దిశలో స్థానాన్నీ వై దిశలో ద్రవ్యవేగాన్నీ ఎంత కచ్చితంగానైనా ఒకేసారి తెలుసుకోవచ్చు, ఏ నియమమూ అడ్డురాదు. మన చెయ్యే మోటుదైతే అదీ చెడాలి కదా! ఏ జతకి అడ్డు ఉందో చెప్పేది గణితం. వరస మార్చి గుణిస్తే ఫలితం మారే జతలకే ఈ ఇబ్బంది. ఆ గుణకారం మాత్రికలదేనని (అంటే సంఖ్యల పట్టికలదేనని) 1925లో గుర్తుపట్టింది మాక్స్ బోర్న్. గొట్టింగెన్‌లో ఆయన సమాధి మీద చెక్కి ఉన్నది, స్థానాన్నీ ద్రవ్యవేగాన్నీ వరస మార్చి గుణిస్తే వచ్చే తేడా ఎంతో చెప్పే సమీకరణమే.

కొలిస్తే ఎలక్ట్రాన్ కదలదా అంటే, కదులుతుంది. అది వేరే ప్రశ్న, 2003లో జపాన్ శాస్త్రవేత్త మసనావో ఒజావా దానికి వేరే సూత్రమే ఇచ్చారు. రెంటినీ కలిపి ఒకే వాక్యంలో కుక్కేయడమే నా బాధ. పాఠం చెప్పేవాళ్లని చేతులెత్తి అడుగుతున్నాను: ఆ ఫోటాన్ బొమ్మ గీసే ముందు పిల్లల చేత ఒక్కసారి చప్పట్లు కొట్టించి, అది ఏ స్వరమో చెప్పమనండి.