పడక సైకిల్ మీద ఆ ఫార్వర్డ్: పాదం మాత్రం కింద పెట్టకండి

“పడుకుని తొక్కే సైకిల్ అంటే నడిచే పాడె. మీ ఆత్మీయులను కాపాడుకోండి, అందరికీ పంపండి” అనే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. ఎర్ర ఆశ్చర్యార్థకాలు, ఎనిమిది పాయింట్లు, చివర దండం పెట్టే చేతులు. ఏమీ తెలియనివాళ్లు పంపితే వదిలేయొచ్చు. పంపుతున్నది సైక్లింగ్ గ్రూపులవాళ్లే. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

ముందు చిల్లర పాయింట్లు కానిచ్చేద్దాం. నిద్ర పట్టేస్తుందట. నిమిషానికి ఎనభైసార్లు పెడల్స్ తిప్పుతూ నిద్రపోగలిగేవాళ్లు ఏ సైకిల్ ఎక్కినా ప్రమాదమే. రక్తం తలకెక్కుతుందట. ఎక్కదు. పాదాలు ఎత్తులో ఉండటం వల్ల కొందరికి కాలివేళ్లు తిమ్మిరెక్కుతాయి. క్లీట్‌ను (షూ అడుగున ఉండి పెడల్‌కు పట్టుకునే ముక్కను) మడమ వైపు జరిపితే చాలామందికి తగ్గుతుంది. ముసలివాళ్ల బండి అట. అయితే ఏమిటి?

“1934లోనే ప్రమాదకరమని ప్రపంచమంతా నిషేధించింది.” నిషేధించింది ప్రపంచం కాదు, సైకిల్ పందేలను నడిపే అంతర్జాతీయ సంఘం యూసీఐ. అదీ రోడ్ల మీద కాదు, పందేల్లో. 1933 జూలైలో పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే రేసర్, షార్ల్ మోషే తయారుచేసిన వెలోకార్ అనే పడక సైకిల్ మీద గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కాడు. 1914 నుంచి ఎవరూ కదపలేకపోయిన ఆస్కార్ ఎగ్ రికార్డు 44.247. ఫోర్ అప్పటికి అగ్రశ్రేణి రేసరేం కాదు, అందుకే మిగతావాళ్లకు ఒళ్లు మండింది. అసలిది సైకిలేనా అని రభస. మరుసటి ఏడాది, రేసు సైకిల్ ఎలా ఉండాలో కొలతలు రాసి దీన్ని బయటికి నెట్టారు. ఎవరి కాళ్లో విరిగాయని కాదు, గెలిచిందని.

“కార్లవాళ్లకు కనబడదు.” రోడ్డు మీద తెల్ల గీత కనబడుతుంది, గుంత కనబడుతుంది, అడ్డంగా పడుకున్న కుక్క కనబడుతుంది. లైటు వేసుకుని వెళ్లే నిలువెత్తు మనిషి కనబడడట! దూరం నుంచి చూసేవాడికి ఎత్తు సమస్యే కాదు. చిక్కంతా దగ్గర్లో: డివైడర్ మొక్కల చాటున యూటర్న్ తీసుకునేటప్పుడు, ఆగి ఉన్న ఆటోల వెనక నుంచి బయటికి వచ్చేటప్పుడు. బండి వెనక కర్రకు జెండా పెట్టేది ఆ క్షణం కోసమే. దాని కొన నేల నుంచి 1.8 మీటర్లు ఉండాలి, అంటే కారు టాప్ మీదుగా కనబడాలి. సీటు వెనక జానెడు గుడ్డ కట్టుకుంటే అది అలంకారం.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. మామూలు సైకిల్ వెనక వచ్చేవాడికి పెడల్ రిఫ్లెక్టర్లు పైకీ కిందికీ ఆడుతూ కనిపిస్తాయి, అది సైకిలని ఇట్టే తెలిసిపోతుంది. ఇక్కడ పాదాలు ముందుంటాయి, ఆ కదలిక వెనకవాడికి అందదు. అందుకే సీటు పైఅంచున ఒక లైటు, హెల్మెట్ వెనక ఇంకొకటి, పగలు కూడా వెలుగుతూ ఉండాలి. వాలి కూర్చున్నప్పుడు మెడ తిప్పి వెనక్కి చూడటం కష్టం కాబట్టి అద్దాలు రెండు వైపులా కావాలి. ఒక్కటే పెట్టుకునేట్టయితే కుడివైపు.

ఇక అసలు పాయింట్. దీని కోసమే ఇదంతా రాస్తున్నా. “పాదాలను పెడల్‌కు బిగించుకోవద్దు. ఎమర్జెన్సీలో కాళ్లు కింద పెట్టి బండి ఆపుకోవచ్చు.” ఇది రాసిన మహానుభావుడు ట్రైక్‌ను, అంటే మూడు చక్రాల పడక సైకిల్‌ను, దగ్గర నుంచి కూడా చూసి ఉండడు.

ముందు రెండు చక్రాలుండే ట్రైక్‌లో పెడల్స్ ముందుకు పొడుచుకొచ్చిన గొట్టం (బూమ్) చివర ఉంటాయి. వాటి వెనక, మోకాళ్ల కింద, రెండు చక్రాలనూ కలిపే అడ్డ గొట్టం ఉంటుంది. బండి కదులుతుండగా పాదం జారి నేలను తాకితే షూ అట్ట రోడ్డును పట్టేస్తుంది. పాదం అక్కడే ఆగుతుంది, బండి ఆగదు. గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు అయిదున్నర మీటర్లు. పాదానికీ ఆ గొట్టానికీ మధ్య దూరం అర మీటరు అనుకున్నా, సెకనులో పదో వంతులో గొట్టం కాలి మీదికి వచ్చేస్తుంది. కాలు వెనక్కి మడుచుకుని బండి కిందికి పోతుంది. చీలమండ, మోకాలు, ఏది ముందు ఓడిపోతే అది. బ్రేకు పట్టాలని మెదడుకు తోచేలోపే అంతా అయిపోతుంది. కాలు పెట్టి ఆపుకోవాలట!

పాదం జారడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. తడిసిన షూ, అరిగిన పెడల్ పిన్నులు, ఒక చిన్న గుంత. చెప్పులతో తొక్కేవాళ్లకైతే అవి కూడా అక్కర్లేదు. మామూలు సైకిల్లో పాదం బరువే దాన్ని పెడల్ మీద నిలుపుతుంది, ఇక్కడ అదే బరువు కిందికి లాగుతుంది.

కాబట్టి బిగించుకోవాల్సిందే. ఎస్‌పీడీ పెడల్స్ (క్లీట్‌ను పట్టుకునేవి) అయితే పట్టును సవరించే టెన్షన్ స్క్రూను మైనస్ వైపు తిప్పి వదులుగా మొదలుపెట్టండి, గుంతల్లో ఊడుతుంటే ఒక్కో క్లిక్ బిగించండి. క్లీట్ బోల్టులు 5, 6 న్యూటన్ మీటర్లకు బిగించాలి. వదులైతే పాదం తిరుగుతుంది గానీ క్లీట్ విడివడదు. కొత్తవాళ్లకు సులువని షాపుల్లో ఇచ్చే ఎస్‌హెచ్56 క్లీట్ పైకి లాగినా ఊడొస్తుంది, ఇక్కడ మనకు వద్దనుకునేది అదే. ఎస్‌హెచ్51 తీసుకోండి. క్లీట్లంటే భయమైతే మడమను పట్టే హీల్ కప్పు, పాదం మీదుగా వెల్క్రో పట్టీ ఉన్న పెడల్స్ దొరుకుతాయి. “సిగ్నల్ దగ్గర ఊడదీయలేక పడిపోతే?” మూడు చక్రాల బండి పడిపోదండీ. పాదాలు బిగించే ఉంచి కూర్చోండి.

రెండు చక్రాల పడక సైకిల్ (రికంబెంట్) అయితే పాదం కింద పెట్టక తప్పదు, నిజమే. కానీ బండి దాదాపు ఆగాకే.

“ముందు బ్రేకు పట్టితే పల్టీ.” బరువు కిందికీ వెనక్కీ ఉన్న బండిలో మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరిపడటం అరుదు. ట్రైక్‌లో అసలు భయం మలుపు. వేగంగా తిరిగితే లోపలి చక్రం లేస్తుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, ఒంటిని లోపలి వైపు వంచాలి. ముందు చక్రాల బ్రేకులు రెండూ సమానంగా పడుతున్నాయో లేదో, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తూ రెండూ కలిపి పట్టి చూడండి. ఒక పక్కకు లాగితే కేబుల్ సరిచేయాలి. ఇవేవీ మెసేజ్‌లో లేవు. దండం పెట్టే చేతులున్నాయి.

చివరి పాయింట్ “మన రోడ్లకు పనికిరాదు.” దీంతో చాలావరకు ఏకీభవిస్తా. గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ప్రమాణం 3.7 మీటర్ల వెడల్పులో 10 సెంటీమీటర్ల ఎత్తు. మన కాలనీల్లో ఉన్నవి సిమెంటు గట్లు. ట్రైక్ అడుగు భాగం గీరుకుంటుంది, సీటు నుంచి లేవలేం కాబట్టి దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది. కోఠిలోనో అమీర్‌పేటలోనో తక్కువ ఎత్తు ట్రైక్ నడపమని ఎవరికీ చెప్పను. సిటీలోనే తొక్కాలంటే పెద్ద చక్రాలు, ఎత్తయిన సీటు ఉన్న రెండు చక్రాల రికంబెంట్ చూసుకోండి. హైదరాబాద్‌లో ట్రైక్‌కు తగిన చోటు ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ కప్పు కింద ఉన్న 23 కిలోమీటర్ల ట్రాకే. నాలుగున్నర మీటర్ల వెడల్పు, ఇబ్బంది ఉండదు. అక్కడికి చేరేదాకా స్పీడ్ బ్రేకర్లను ఏటవాలుగా కాకుండా ముందు చక్రాలు రెండూ ఒకేసారి ఎక్కేలా దాటండి. సిగ్నల్ దగ్గర లారీ బంపర్ ముందుకు దూరి ఆగకండి, అక్కడ మాత్రం నిజంగానే కనబడరు.