గైడ్‌తో పడరాని పాట్లు

ఇంటర్నెట్ టీవీ యాప్‌లో ఛానళ్లు పెట్టుకోవడం చిటికెలో పని. ఏ ప్రోగ్రామ్ ఎప్పుడొస్తుందో చూపించే గైడ్ దగ్గరికొచ్చేసరికే ప్రాణం విసిగిపోతుంది. ప్లేలిస్టులో, అంటే ఛానళ్ల జాబితాలో, ఒక్కో ఛానల్‌కి ఉండే గుర్తు టీవీజీ-ఐడీ; అదీ, ప్రోగ్రామ్‌ల షెడ్యూల్ ఉండే ఎక్స్‌ఎంఎల్‌టీవీ ఫైల్లోని ఛానల్ ఐడీ అచ్చు ఒకేలా ఉండాలట. ఒకచోట చుక్క, ఇంకోచోట గీత ఉంటే చాలు, 'సమాచారం లేదు' అంటూ బూడిదరంగు గడి వెక్కిరిస్తుంది. పేరు చూస్తే చిన్నపిల్లాడైనా చెప్తాడు అదే ఛానలని! యాప్‌కి మాత్రం తలకెక్కదు. ఇక వందల ఛానళ్లను ఒక్కోటీ రిమోట్‌తో (కీబోర్డైనా లేదు) వెతికి జతచేయాలి. తీరా అన్నీ కుదిరాక టైమ్ తేడా. ఫైల్లో సమయం పక్కనే +0000 (అంటే అది గ్రీనిచ్ టైమ్, మనకంటే ఐదున్నర గంటలు వెనక) అని స్పష్టంగా ఉన్నా యాప్ పట్టించుకోదు. రాత్రి వార్తలు గైడ్‌లో మధ్యాహ్నమే అయిపోతాయి. పైగా అందులో ఉండేది కొద్దిరోజుల షెడ్యూలే. ఆటోమేటిక్ అప్‌డేట్ ఆన్‌లోనే ఉంటుంది, అది జరిగితే ఒట్టు.