ఉభయకుశలోపరి: పరమ మూల్యం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పరమ మూల్యం గారి సముఖమునకు,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, మీతో నా తగువంతా ఆ ‘ఉభయ’ దగ్గరే. సంఖ్య గుర్తు వదిలేసి, సున్నా నుంచి అది ఎంత దూరమో మాత్రమే చెప్పడం మీ పని: +3 అయినా −3 అయినా మీ దగ్గర 3 ఒక్కటే. 1841లో జర్మన్ గణితవేత్త వైయర్‌ష్ట్రాస్ గారు మీకు రెండు నిలువు గీతలు ప్రసాదించారు. అప్పటినుంచి వాటి మధ్యకు వెళ్లిన ఏ సంఖ్యా మైనస్ గుర్తుతో తిరిగి రాలేదు.

ఈ మధ్యాహ్నం చేతికొచ్చిన తనిఖీ పట్టీనే తీసుకోండి. షాఫ్టు, అంటే యంత్రంలో తిరిగే గుండ్రటి లోహపు కడ్డీ, వ్యాసం 25 మి.మీ. ఉండాలి, 0.04 అటూ ఇటూ అయినా ఫరవాలేదు. వ్యాసాన్ని ‘వ’ అనుకుంటే |వ − 25| ≤ 0.04. విప్పితే 24.96 ≤ వ ≤ 25.04. ఇంతవరకు మీరు ముత్యమే, కాదన్నవాడు లేడు. కానీ పట్టీలో 12 షాఫ్టుల ఎదురుగా ‘తేడా 0.05, తిరస్కరణ’ అని రాసి చేతులు దులుపుకున్నారు. ఎటు తేడా స్వామీ? 25.05 అనా, 24.95 అనా?

25.05 అయితే ఇంకొక్క కోతతో బాగుపడుతుంది. 24.95 అయితే తుక్కులోకే. కోసేసిన లోహాన్ని మళ్లీ ఎక్కించే పద్ధతులు లేకపోలేదు, ఆ ఖర్చుకు చాలాసార్లు కొత్త షాఫ్టే వస్తుంది. అదే రంధ్రమైతే కథ తిరగబడుతుంది: చిన్నదాన్ని పెద్దది చేయొచ్చు, పెద్దదాన్ని చిన్నది చేయడమే కష్టం. తమరికి మాత్రం రెండూ 0.05. గాడిదనీ గుర్రాన్నీ ఒకే గాటన కట్టడమంటే ఇదే. ఫలితం: మైక్రోమీటరు పట్టుకుని పన్నెండూ మళ్లీ మొదటినుంచి కొలవడం.

సరే, 25.05 అనే తేలిందనుకుందాం. కడ్డీని తిప్పుతూ కోసే లేత్ యంత్రం మీద ‘ల’ మి.మీ. లోతు కోస్తే వ్యాసం 2ల తగ్గుతుంది, ఎందుకంటే షాఫ్టు తిరుగుతూ అన్ని వైపులా అరుగుతుంది. కాబట్టి 24.96 ≤ 25.05 − 2ల ≤ 25.04. మూడు చోట్లా 25.05 తీసేస్తే −0.09 ≤ −2ల ≤ −0.01. ఇక్కడ మీ చుట్టం అసమానత గుర్తు గారు అలుగుతారు. −2తో భాగించగానే ఆయన మొహం తిప్పుకోవాలి: 0.045 ≥ ల ≥ 0.005. తిప్పడం మరిచిపోతే 0.045 కన్నా ఎక్కువగానూ 0.005 కన్నా తక్కువగానూ కోయాలని వస్తుంది. అలాంటి లేత్ ఇంకా పుట్టలేదు. 0.025 కోస్తే సరిగ్గా 25 దగ్గర ఆగుతుంది, గొడవ తీరుతుంది.

మీ ‘కన్నా ఎక్కువ’ సంగతీ ఉంది. |వ − 25| > 0.04 అంటే రెండు వేర్వేరు ముక్కలు, మధ్యలో ‘లేదా’: వ 24.96 కన్నా తక్కువ, లేదా 25.04 కన్నా ఎక్కువ. దాన్ని −0.04 > వ − 25 > 0.04 అని ఒకే గొలుసుగా రాసేవాళ్లు −0.04 పెద్దదని ఒప్పుకున్నట్టే. |వ − 25| < −3 అని ఎవరైనా పొరపాటున రాస్తే జవాబు లేదని గట్టిగా చెప్పరు, గోడల మధ్య కూర్చుని నవ్వుకుంటారు.

కానీ నా అసలు బాధ ఆ పోయిన గుర్తే. టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, అంటే ఉష్ణోగ్రతను ‘ఉ’ అనుకుంటే |ఉ − 5| ≤ 3. ‘5 నుంచి తేడా 6’ అని రాశారనుకోండి. అది 11 డిగ్రీలా, −1 ఆ? 11 అయితే ఎంతసేపు ఉందో చూసి, ఆ టీకా ఏదో చూసి, వాడొచ్చో లేదో తేల్చే వీలుంటుంది. −1 అయితే, ఒకసారి గడ్డకడితే పాడైపోయే టీకాలున్నాయి. సీసా తిరిగి కరిగి మామూలుగా కనిపిస్తుంది కూడా. నీకు రెండూ ఒకటే! ఎంత దూరమో చెబుతావు, ఏ దిక్కో చెప్పవు. దారి అడిగితే ‘మూడు మైళ్లు’ అని చెప్పి తలుపేసుకునేవాణ్ణి ఏమంటారు? నిన్నూ అదే అంటున్నాను.

కోపంలో ఏకవచనం దొర్లింది, మన్నించండి. మీరు లేనిచోట ఏమవుతుందో కూడా చూశాను. +0.05 ఒకటి, −0.05 ఒకటి, సగటు తేడా సున్నా, పని అద్భుతమని సంతకం. రెండు షాఫ్టులూ పనికిరానివే. ఆ దొంగ సున్నాను పట్టుకున్నది మీరే: సగటు 0.05 అని నిలదీశారు. అందుకే పట్టీలోంచి వెళ్లిపొమ్మనడం లేదు. ముందు గడిలో వ − 25 గుర్తుతో సహా రాయనివ్వండి. పక్క గడిలో మీరు కొలువుండండి.

ఇట్లు,
ఏడో షాఫ్టు దగ్గర ఉన్న,
ఇప్పటికి నాలుగు ఎక్కువ, మూడు తక్కువ అని తేల్చిన,
మీ విధేయుడు