బ్యాగులు వ్యాన్‌లో పంపితే అది హైక్ ఎట్లా అవుతుంది?

మా స్కౌట్ ట్రూప్ పిల్లల రెండు రోజుల తలకోన హైక్ (అడవిలో నడక) గురించి తల్లిదండ్రుల గ్రూపులో నడుస్తున్న మాటలు చదివి చదివి, ఇక విడిగా రాయడమే మంచిదనిపించింది. "బ్యాగులన్నీ ఒక వ్యాన్‌లో వేసి ముందే పంపిచ్చేద్దాం సార్." "భోజనాలు క్యాటరింగ్ వాళ్లకి చెప్పేద్దాం, మాకు తెలిసినోళ్లు ఉండారు." "రాత్రికి ఏసీ రూములు దొరకవా?" "తలా ఎంతవుతుందో చెప్పండి, ఫోన్‌పే చేసేస్తాం." ఇన్ని మెసేజ్‌లలో ఒక్కరంటే ఒక్కరు కూడా పిల్లలు ఏమనుకుంటున్నారని అడగలేదు.

సూటిగా చెప్తాను. ఈ హైక్ ప్లాన్ చేయాల్సింది పిల్లలు. ఏ దారిన పోవాలి, ఏం వండుకోవాలి, ఎవరు ఏం మోయాలి, ఎక్కడ ఆగాలి, అన్నీ వాళ్లే కూర్చుని తేల్చుకోవాలి. పెద్దవాళ్ల చేతిలో ఉండాల్సినవి మూడే: అటవీ శాఖ అనుమతి, తాగునీళ్ల లెక్క, ఏ టైమ్‌కి వెనక్కి తిరగాలన్న నిర్ణయం. ఆ మూడింటిలో నేను ఎవరి మాటా వినను, పిల్లల మాట కూడా. మిగతావాటిలో మీరూ నేనూ పక్కకి తప్పుకోవాలి.

స్కౌటింగ్ మొదలైందే ఇలా. 1907లో స్కౌటింగ్‌ని మొదలుపెట్టిన బేడెన్ పవెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో మొదటి క్యాంప్ పెట్టినప్పుడు పిల్లలను చిన్న చిన్న పాట్రోల్‌లుగా విడగొట్టి, ఒక్కో దానికి ఒక పిల్లవాడినే లీడర్‌గా పెట్టాడు. ఇప్పటికీ మన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో అదే పద్ధతి. ఆరు నుంచి ఎనిమిది మంది ఒక పాట్రోల్, వాళ్లకో లీడర్, లీడర్లందరూ కూర్చుని మాట్లాడుకోవడానికి కోర్ట్ ఆఫ్ ఆనర్. ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్ అని బ్యాడ్జీలు చొక్కాకి కుట్టించుకుని ఫొటోలు పెడుతున్నాం కదా, ఆ బ్యాడ్జీల వెనక ఉన్న పని ఇదే. పని మేం చేసేసి బ్యాడ్జీ మాత్రం వాళ్లకిస్తే అది పిల్లలకి చేసే అన్యాయం.

"మావోడు అంత బరువు ఎట్ట మోస్తాడు సార్?" అని అడిగిన అమ్మకి నా దగ్గర జవాబుంది. మోయలేడు, నిజమే. అందుకే బరువు తగ్గించడం వాడే నేర్చుకోవాలి. పోయిన మీటింగ్‌కి ఒక పాట్రోల్ లీడర్ వాళ్ల నాన్న అంగట్లోంచి కొక్కెం త్రాసు తెచ్చాడు. స్కూల్ వరండాలో దూలానికి తాడేసి క్లోవ్ హిచ్ ముడితో త్రాసు కట్టి, ఒక్కో బ్యాగూ తగిలించారు. ముప్పై ఎనిమిది కిలోల పిల్లాడి బ్యాగు పదకొండు కిలోలు తూగింది. మేం పెట్టుకున్న లెక్క, ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదని. అంటే వాడు మోయాల్సింది ఏడున్నర. అందరూ చుట్టూ కూర్చుని బ్యాగు విప్పారు. రెండు జీన్స్ ప్యాంట్లు, పెద్ద షాంపూ సీసా, రెండు పవర్ బ్యాంకులు, గాజు సీసా నిండా గోంగూర పచ్చడి, ఊలు దుప్పటి. పచ్చడి వదలనని వాడు గట్టిగా పట్టుబట్టాడు. చివరికి అందరికీ సరిపోయేంత చిన్న స్టీల్ డబ్బాలోకి మార్చి, దాన్ని వంట సామాన్లలో లెక్కేశారు. జీన్స్ తడిస్తే ఎంత బరువెక్కుతుందో ఇంకొకడు కొళాయి కింద తడిపి తూచి మరీ చూపించాడు. నేను ఒక్క మాట మాట్లాడలేదు. వాడి బ్యాగు ఏడు కిలోలకి దిగింది.

ఇది వ్యాన్‌లో వేసి పంపిస్తే వచ్చే చదువు కాదు.

తిండి సంగతీ అంతే. క్యాటరింగ్ వద్దని నేను పట్టుబట్టేది డబ్బుల కోసం కాదు. అటుకులు, బొరుగులు, చెనక్కాయలు, బెల్లం, రాగిపిండి. మన ఇళ్లలో ఉండేవే. బరువు తక్కువ, చెడిపోవు, బలం ఎక్కువ. మొదటి మధ్యాహ్నానికి ఇంటి నుంచి పులిహోర పొట్లాలు, రాత్రికి కిచిడీ. పెసరపప్పు ఎంత, బియ్యం ఎంత అని మనిషికి గుప్పెళ్ల లెక్కన వాళ్లే రాసుకున్నారు. ఒకసారి గ్రౌండ్‌లో మూడు రాళ్ల పొయ్యి పెట్టి వండి చూశారు కూడా. కాస్త మాడింది, తినేశారు. ఇంట్లో కంచంలో అన్నం వదిలేసే పిల్లలు ఆ రోజు గిన్నె గీకి తిన్నారని వాళ్ల అమ్మలే చెప్పారు.

అడవిలో మాత్రం పొయ్యి ముట్టించం. మేం పోయే తలకోన జలపాతం ఉన్నది శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో. అది ఉన్న శేషాచలం కొండలను 2010లో బయోస్ఫియర్ రిజర్వ్‌గా, అంటే జీవజాలాన్ని కాపాడే ప్రాంతంగా కూడా ప్రకటించారు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచంలో మన ఈ చుట్టుపక్కల కొండల్లోనే. అలాంటి చోట అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరం. ఎర్రచందనం దొంగల బెడద వల్ల నిఘా కూడా గట్టిగా ఉంటుంది. "ఎవరడుగుతారు సార్, మా ఊరి వాళ్లు రోజూ పోతా ఉంటారు" అనే మాట దయచేసి పిల్లల ముందు అనకండి. లెటర్‌హెడ్ మీద పిల్లల పేర్లు, వయసులు, వెంట వచ్చే పెద్దల వివరాలతో అటవీ శాఖకి అర్జీ పెడతాం. అనుమతి వస్తే స్థానికులను గైడ్‌లుగా పెట్టుకుని, వాళ్లు చూపించిన దారిలోనే నడుస్తాం. రాకపోతే అడవి అంచు పల్లెల మీదుగా మట్టిరోడ్డున నడిచి వస్తాం. రాత్రి బస అడవి బయట ఊళ్లో, బడి వరండాలో, హెడ్మాస్టర్ గారి అనుమతితో. వంట కూడా అక్కడే.

ఎప్పుడు పోవాలన్నది కూడా పిల్లలే తేల్చారు. చాలామంది పెద్దలు నవంబర్ అన్నారు, వాటర్‌ఫాల్ నిండుగా ఉంటుందని. 2021 నవంబర్ తిరుపతి వాళ్లెవరూ మర్చిపోయి ఉండరు. వీధులు ఏరులయ్యాయి, తిరుమల కొండెక్కే శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూసేశారు. కొండ మీద వాన పడితే కింద ఎండగా ఉన్నా వాగు ఒక్కసారిగా పొంగుతుంది. ఏప్రిల్, మే అసలు మాటే వద్దు, నలభై డిగ్రీలు దాటే ఎండ, ఎండిన అడవి, కార్చిచ్చు. అందుకే సంక్రాంతి అయ్యాక, పరీక్షల వేడి మొదలయ్యే లోపల. వానలు తగ్గిపోతాయి, జలపాతంలో నీళ్లుంటాయి. 270 అడుగుల ఎత్తు నుంచి పడే నీళ్లను చూడాలి గానీ, కింది గుండాల్లోకి దూకడం మా ట్రూప్‌లో ఎవరికీ కుదరదు. అక్కడ ఈత వచ్చినవాళ్లు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

నీళ్ల గురించి నేనెందుకు అంత మొండిగా ఉంటానో కూడా చెప్పాలి. లీటర్ నీళ్లంటే కిలో బరువు. మనిషికి రెండు లీటర్లు తప్పనిసరి అంటే ఏడున్నరలో రెండు కిలోలు అక్కడే పోయాయి. మళ్లీ నింపుకునే చోటు ముందే తెలిసి ఉండాలి, వాగు నీళ్లయితే బస దగ్గర మరిగించాకే తాగాలి. నడక వేగం గంటకు మూడు కిలోమీటర్లకి మించి లెక్క వేయకూడదు, ప్రతి వంద మీటర్ల ఎత్తుకీ ఇంకో పది నిమిషాలు కలపాలి. సాయంత్రం నాలుగింటికల్లా బస చేరాలి. మధ్యాహ్నం రెండింటికి ఇంకా సగం దారిలోనే ఉంటే అక్కడి నుంచే వెనక్కి. జలపాతం వంద గజాల దూరంలో కనపడుతున్నా సరే. అందరికంటే మెల్లగా నడిచేవాడు వరుసలో రెండోవాడిగా ఉంటాడు, మిగతావాళ్లు వాడి వేగానికే నడుస్తారు. చివర ఒక పెద్దమనిషి. మధ్యలో ఎవరూ ఎవరికీ కనపడనంత దూరం పోకూడదు.

ఇక భయం. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఆరేళ్ల పాప చనిపోయింది. ఆ తర్వాత మధ్యాహ్నం దాటాక చిన్నపిల్లలను పంపకుండా టీటీడీ ఆంక్షలు పెట్టింది, భక్తుల చేతికి కర్రలిచ్చింది. ఈ ఊళ్లో ఉండే తల్లికి అడవి అనగానే ఆ పాపే గుర్తొస్తుంది. రావాలి కూడా. అందుకే చీకటి పడ్డాక నడక లేదు, ఎవరూ ఒంటరిగా ఒంటేలుకి కూడా పోరు, ఇద్దరిద్దరు జతలుగానే. పాము సంగతీ అంతే. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏదీ చేయకూడదని మా పిల్లలకి తెలుసు. ఆ కాలు కదలకుండా కర్రలతో కట్టి, నడిపించకుండా, రెండు కర్రలకి చొక్కాలు తొడిగి చేసిన స్ట్రెచర్ మీద రోడ్డు దాకా మోసుకొస్తారు. అక్కడి నుంచి 108లో ఆసుపత్రికి. మెడలో స్కార్ఫ్ ఉన్నది ఫొటోకి కాదు, చేయి విరిగితే జోలె కట్టడానికి. ఇవన్నీ మీ పిల్లలు కళ్లు మూసుకుని చేస్తారు, ఒక ఆదివారం గ్రౌండ్‌కి వచ్చి చూడండి. నేను చెప్పే నాలుగు ధైర్యపు మాటల కంటే అది చూస్తే మీ టెన్షన్ తగ్గుతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది గైడ్స్, అంటే స్కౌటింగ్‌లోని ఆడపిల్లల విషయం. వాళ్లు మ్యాప్ చదవడంలో, తాడు ముడులు వేయడంలో, ఫస్ట్ ఎయిడ్‌లో ఎవరికీ తీసిపోరు. కంపాస్ పట్టుకుని గ్రౌండ్‌లో దాచిన గుర్తులన్నీ ముందు కనిపెట్టింది వాళ్ల పాట్రోలే. హైక్ అనగానే మాత్రం ఇళ్ల నుంచి ఒకటే మాట: "ఆడపిల్లని రాత్రి యాడికి పంపేది సార్?" గైడ్ కెప్టెన్ మేడమ్ వస్తున్నారు, ఇంకో ఇద్దరు అమ్మలు వస్తామన్నారు, బస విడిగా, మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే పోయి చూసి వచ్చాం. ఇంకేం కావాలో చెప్పండి, అదీ చేద్దాం. "పంపం" అన్న ఒక్క మాటతో తలుపు వేసేయకండి. ఆ పిల్లల్లో ఒకమ్మాయి దారి పొడవునా ఏ మలుపు దగ్గర ఎంతసేపు ఆగాలో రెండు పేజీలు రాసి నా చేతికిచ్చింది. తను రాలేకపోతే ఆ కాగితం అబ్బాయిలకి ఇమ్మంది. దానికి నేనేం జవాబు చెప్పాలి?

మొదట్లో, బ్రిటిష్ వాళ్ల కాలంలో, ఇక్కడి పిల్లలకి స్కౌటింగ్‌లో చోటే ఇవ్వలేదు. అప్పుడు మన పిల్లల కోసం మద్రాసులో విడిగా స్కౌట్ సంఘం పెట్టింది అనీ బెసెంట్, మన మదనపల్లె కాలేజీకి ప్రాణం పోసిన ఆవిడే. మన పిల్లలకి చేతకాదని ఆ రోజు అన్నది పరాయివాళ్లు. ఈ రోజు అదే మాట ప్రేమతో మనమే అంటున్నాం. ప్యాకేజీ అడ్వెంచర్ క్యాంపులకి వేలకు వేలు కట్టడానికి ఎవరూ వెనకాడడం లేదు. టెంట్ ముందే వేసి ఉంటుంది, మంట ముందే వెలిగించి ఉంటుంది, పిల్లాడు పోయి పక్కన నిలబడితే వీడియో వస్తుంది. వాటికి పంపడం మీ ఇష్టం. మా హైక్‌ని మాత్రం అలా మార్చమని అడగొద్దు.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. అంగీకార పత్రం చదివి, పిల్లాడికి ఆస్తమా గానీ, ఫిట్స్ గానీ, మందుల అలర్జీ గానీ ఉంటే దాచకుండా రాయండి. నేను ఎవరికీ చెప్పను, నాకు మాత్రం తెలియాలి. కొత్త బూట్లు కొనాలంటే ఈ వారమే కొనండి, అవి వేసుకుని రోజూ నడిపించండి, లేకపోతే మొదటి రోజే మడమల మీద బొబ్బలు లేస్తాయి. వచ్చే ఆదివారం పొద్దున్నే నిండు బ్యాగులతో శ్రీవారి మెట్టు ఎక్కి ప్రాక్టీస్ చేస్తాం. రెండు వేల పైచిలుకు మెట్లు, పిల్లలతో పాటు మీరూ రండి. బ్యాగు మీరు సర్దకండి. వాడు సర్దుకున్నాక ఏదైనా మర్చిపోయాడనిపించినా అందులో చేయి పెట్టొద్దు, వాళ్ల పాట్రోల్ లీడర్‌కి ఫోన్ చేసి చెప్పండి, వాడు చూసుకుంటాడు. మెట్ల మధ్యలో పిల్లాడు ఆయాసపడుతుంటే "ఇలా ఇవ్వు నాయనా" అని మాత్రం బ్యాగు అందుకోకండి. పక్కనే కూర్చోండి, నీళ్లు తాగనివ్వండి, లేచినప్పుడు కలిసి నడవండి.