రష్ పేరమ్మ గారికి

అమెరికా దక్షిణాది యూనివర్సిటీల్లో ఏటా ఆగస్టు ఎండల్లో కొలువుతీరే సొరోరిటీ రష్ గారికి,

నమస్కారం. సొరోరిటీ అంటే కాలేజీ అమ్మాయిల సంఘం, ఒక్కోదాన్నీ ఒక్కో 'ఇల్లు' అంటారు; ఆ ఇళ్లు కొత్తపిల్లల్ని ఎంచుకునే తంతే మీరు. మీ అసలు పేరు 'ప్రైమరీ రిక్రూట్‌మెంట్' అని, 'రష్' అనేది పిల్లలు పిలుచుకునే పేరని మా అమ్మాయి చెప్పింది. నాకు మాత్రం మిమ్మల్ని చూడగానే మా తెనాలిలో సంచీ నిండా ఫొటోలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగిన పెళ్లిళ్ల పేరమ్మ గుర్తొచ్చింది. అందుకని పేరమ్మ గారూ అనే పిలుస్తాను. ఏమీ అనుకోకండి.

1997లో నాకు నాలుగు సంబంధాలు వచ్చాయి. మొదటివాళ్లు పాట పాడమన్నారు. రెండోవాళ్లు నడిచి చూపించమన్నారు. మూడోవాళ్లు స్వీటూ హాటూ తిని, 'అమ్మాయి బాగానే ఉంది, జాతకాలే కలవలేదు' అని కబురు పంపారు. మేం వాళ్లకి జాతకం ఇవ్వనేలేదు. నాలుగోది కుదిరింది, దాంతోపాటు అమెరికా. నా కడుపున ఆడపిల్ల పుడితే దాన్ని ఎవరి ముందూ ఇలా కూర్చోబెట్టనని విమానంలోనే ఒట్టు పెట్టుకున్నాను.

2023 ఆగస్టులో ఆ ఆడపిల్ల హాస్టల్ గదిలో నేలమీద కూర్చుని అయిదు డ్రెస్సులు ఇస్త్రీ చేయించుకుంది. చేసింది నేనే. "అమ్మా, ఇది ఓపెన్ హౌస్‌ది, ఇది ఫిలాంత్రపీ రోజుది, ఇది సిస్టర్‌హుడ్ రోజుది, నల్లది ప్రెఫ్‌ది, తెల్లది బిడ్ డేకి" అని అప్పజెప్పింది. ప్రెఫ్ అంటే చివరి వడపోత రోజు, బిడ్ అంటే 'మా ఇంట్లో చేరు' అనే పిలుపు. నా నాలుగు పెళ్లిచూపులూ ఒకే వెంకటగిరి చీరతో గడిచిపోయాయి.

మీ భాషలో పెళ్లికూతురిని పి.ఎన్.ఎం. అంటారు, పొటెన్షియల్ న్యూ మెంబర్. మా అమ్మాయి మొదటి రెండు రోజుల్లో పదహారు ఇళ్ల గుమ్మాలు తొక్కింది. తలుపు తెరిచేసరికి గుమ్మం నిండా అమ్మాయిలు, బస్తాలు పేర్చినట్టు ఒకరి మీద ఒకరు, చప్పట్లు కొడుతూ జుట్టు ఎగరేస్తూ ఒకటే పాట. దీన్ని 'డోర్ స్టాక్' అంటారట. మా వైపు పెళ్లికూతురు పాడాలి, మీ దగ్గర మగపెళ్లివారు పాడతారు. ఈ ఒక్క విషయంలో మీరే నయం.

లోపలికి వెళ్లాక ఒకమ్మాయి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి కబుర్లు మొదలెడుతుంది. మాట ఒక దారిలో పడేలోపు ఇంకో అమ్మాయి వచ్చి మొదటామెను లేపేసి ఆ కుర్చీలో తను కూర్చుంటుంది. ఇది 'బంప్'. కాసేపటికి మూడో అమ్మాయి. పెద్దమ్మ, పిన్ని, మేనత్త వంతులేసుకుని పిల్లను చూసినట్టే. రాత్రికి అందరూ కూర్చుని మార్కులు వేసుకుంటారు.

ఇంతకీ ఏం మాట్లాడాలి? ఏం మాట్లాడకూడదో మాత్రం అందరికీ కంఠతా వచ్చు: అబ్బాయిలు, మందు, బైబిలు, డబ్బు, రాజకీయం. ఇంగ్లీషులో అయిదింటికీ 'బీ'తో మొదలయ్యే మాటలు పెట్టుకున్నారు కాబట్టి 'ఫైవ్ బీస్'. మా పెళ్లిచూపుల్లో మందు తప్ప మాట్లాడిందంతా ఆ మిగతా నాలుగే. అవి తీసేస్తే ఇక మిగిలేది నీ జుట్టు బాగుంది, నీ డ్రెస్ ఎక్కడ కొన్నావు. పదహారు ఇళ్లలో మా పిల్ల అదే చెప్పింది. గొంతు బొంగురుపోతే మిరియాల కషాయం పెట్టిచ్చాను.

నేనేమీ పత్తిత్తుని కాను. కొన్ని ఇళ్లకు పాత సభ్యురాళ్ల సిఫార్సు ఉత్తరం ఉంటే మంచిదని విన్నాను. మా వీధి చివర ఇంటావిడ ఒకప్పటి సొరోరిటీ మనిషని తెలిసి, అరటికాయ బజ్జీలు పట్టుకుని వెళ్లాను. పదేళ్లలో ఆవిడ గడప తొక్కడం అదే మొదటిసారి. ఆవిడ బజ్జీ కొరికి, మీ అమ్మాయి ఎంత బంగారమో నాకు తెలియదా అంది. మా అమ్మాయి పేరు మాత్రం నన్నడిగి రాసుకుంది.

మీరు గర్వంగా చెప్పుకునే మాట 'మ్యూచువల్ సెలక్షన్'. రాత్రి పిల్లలు ఇళ్లకు వరస నంబర్లు వేస్తారు, ఇళ్లు పిల్లలకు వేస్తాయి, మధ్యలో కంప్యూటర్. ఏ ఇల్లు ఎంతమందిని వదిలేయాలో 'రిలీజ్ ఫిగర్స్ మెథడ్' అని ఒక లెక్క చెబుతుంది. మా పంతులుగారి గుణమేళనం లాంటిదే. కాకపోతే ఆయన 36కి ఎన్ని వచ్చాయో కాగితం మీద చూపించేవారు. మీ దగ్గర తెల్లారేసరికి ఫోన్‌లో పదహారు కాస్తా తొమ్మిదవుతాయి, అంతే. ఎందుకని అడిగితే 'ట్రస్ట్ ద ప్రాసెస్'. ఓదార్చడానికి రో గామాలని సీనియర్లను పెట్టారు. ఆ వారమంతా వాళ్లు తమది ఏ ఇల్లో బయటపెట్టకూడదు. మా పిల్లకి దొరికినామె మంచిది, టిష్యూలు పెట్టెలకు పెట్టెలు మోసుకొచ్చింది.

చివరికి ప్రెఫ్ రోజున రెండిళ్లు. ఆ రెండింట్లో ఒక్కటే రాసి, అది కాకపోతే ఇంకేదీ వద్దనే పిల్లని మీ వాళ్లు పూర్వం 'సూసైడ్' చేసుకుంది అనేవారట. ఇప్పుడు దాని పేరు 'సింగిల్ ఇంటెన్షనల్ ప్రిఫరెన్స్'. పేరుకి మర్యాద నేర్పారు, సంతోషం. ఇక రాసి సంతకం పెట్టిన ఇంటి నుంచే బిడ్ వచ్చాక వద్దంటే, ఆ క్యాంపస్‌లో మరుసటి ఏటి రష్ మొదలయ్యేదాకా మరో ఇల్లు తీసుకోవడానికి లేదు. మా నిశ్చితార్థాలు కూడా ఇంత గట్టివి కావు.

మీ వంశం గురించి కాస్త వాకబు చేశానులెండి, ఆడపిల్ల తల్లిని కదా. 1851లో జార్జియాలోని మేకన్‌లో, వెస్లియన్ కాలేజీ అమ్మాయిలు అడెల్ఫియన్ సొసైటీ పెట్టుకున్నారు. అదే ఇప్పటి ఆల్ఫా డెల్టా పై. 1874లో సిరక్యూస్‌లో పుట్టిన గామా ఫై బీటా కోసం ఒక లాటిన్ ప్రొఫెసర్ 'సొరోరిటీ' అనే మాట కల్పించారని చెప్పుకుంటారు. అక్షరాలు గ్రీకువి, మాట లాటిన్‌ది, పాటలు అలబామావి. మగవాళ్ల కాలేజీల్లో చోటు లేని రోజుల్లో ఆడపిల్లలు తలుపేసుకుని తమకోసం ఒక గది కట్టుకున్నారు. అది చదివి నిజంగానే దండం పెట్టాను. ఆ తర్వాత ఆ తలుపుకే గడియ పెట్టారు.

ఆ గడియ సంగతి మీకు తెలియంది కాదు. 2021లో టిక్‌టాక్ మిమ్మల్ని ఊరూరా ఊరేగించిన ఆ అలబామా యూనివర్సిటీలోనే, 2013లో విద్యార్థి పత్రిక 'క్రిమ్సన్ వైట్' ఒక కథనం వేసింది. మంచి మార్కులున్న ఒక నల్లజాతి అమ్మాయిని లోపలి పిల్లలు తీసుకుందామన్నా, పాత సభ్యురాళ్లు అడ్డుపడ్డారని. పిల్లాడికి నచ్చింది గానీ మేనత్తకి నచ్చలేదు అనే మాట మా ఇళ్లలోనే ఉందనుకున్నాను. గొడవయ్యాక యూనివర్సిటీ బిడ్లు మళ్లీ తెరిపించింది. మీరు రానివ్వని కాలంలోనే, 1908లో, హోవర్డ్ యూనివర్సిటీలో నల్లజాతి అమ్మాయిలు ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. తర్వాత కమలా హారిస్ చేరింది అందులోనే. 1998లో హ్యూస్టన్‌లో మన దక్షిణాసియా పిల్లలు డెల్టా ఫై ఒమేగా పెట్టుకున్నారు. "మనవాళ్లది కూడా ఒకటుందటగా, అందులో చేరకూడదూ?" అన్నాను. "అమ్మా, నువ్వు కూడా కులం చూస్తావేంటి?" అంది. నోరు మూసుకున్నాను.

బిడ్ వచ్చింది. కవరు చింపి, కేకలేస్తూ పచ్చిక మీద పరిగెత్తుకుంటూ వెళ్లి ఆ ఇంటి పిల్లల్ని కౌగిలించుకుంది. నేను కూడా ఏడ్చాను, అబద్ధమెందుకు. సెమిస్టర్ డ్యూస్, అంటే ఆ ఇంటికి కట్టాల్సిన రుసుము, చూసి మావారు కూడా ఏడ్చారు. కట్నం లేకుండా పెళ్లి చేసుకున్న మనిషాయన.

మరుసటి ఆగస్టుకి మా అమ్మాయి గుమ్మానికి అటువైపు చేరింది. చప్పట్లు కొట్టే బ్యాచ్. ఒక రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేసింది, గొంతు మళ్లీ బొంగురు.

"ఎలా ఉన్నారే పిల్లలు?" అన్నాను.

"ఒకమ్మాయి వచ్చిందమ్మా. భలే మాట్లాడింది. నవ్వు కూడా బాగుంది."

"మరి తీసుకున్నారా?"

"లేదు. బాగానే ఉంది గానీ, మా వైబ్‌తో కలవలేదు."

"ఆ సంగతి ఆ పిల్లకి ఎవరు చెబుతారు?"

"ఎవరూ చెప్పరు. పొద్దున్నే ఫోన్‌లో చూసుకుంటుంది" అని ఆవలించింది.

ఇట్లు,
వెంకటగిరి చీర ఇంకా దాచుకున్న ఒక తల్లి